లేదు అనని ఇల్లు

నాకు కోపం ఎక్కువ. మా పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఏకాభిప్రాయంతో ఒప్పుకునే విషయం ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో ఆ రెండిళ్లకూ పొసగదు.

మా నాన్న రమణయ్యకు ఉదయగిరిలో కిరాణా కొట్టు ఉండేది. కొట్లో ఏది లేకపోతే అది లేదని మొహం మీదే చెప్పేవాడు. మినప్పప్పు ఉందా అని ఎవరైనా అడిగితే తల ఎత్తకుండా "లేదు, ఎదురు కొట్లో అడుగు పో" అనేవాడు. వాళ్లు నిజంగానే ఎదురు కొట్టుకు పోయేవాళ్లు. పోగా పోగా మా కొట్టు మెట్టు తొక్కకుండానే అటు పోవడం అలవాటు చేసుకున్నారు. నాకు పెళ్లయ్యేనాటికి ఆ కొట్టు మూతపడింది. మరో రెండేళ్లకు మా నాన్న కూడా పోయాడు.

ఆత్మకూరులో మా అత్తింటివాళ్ల కొట్టు తీరు పూర్తిగా వేరు. బజారు వీధిలో కింద కొట్టు, పైన ఇల్లు. గల్లా దగ్గర మా మామయ్య పెంచలయ్య శెట్టి కూర్చుంటాడు. ఆ కొట్లో లేదు అనే మాట ఎవరి నోటా రాకూడదు. లక్ష్మి ముందు కూర్చుని లేదనకూడదన్నది వాళ్ల తాతల నాటి పట్టింపు. సరుకు లేకపోతే దార్లో ఉందంటారు, సాయంత్రం దిగుతుందంటారు, రేపు రా అన్నా, కొత్తది ఇస్తా అంటారు. పెళ్లయిన కొత్తలో ఒకామె ఇంగువ అడిగితే నేను మా నాన్న కూతుర్ని కదా, లేదన్నాను. మా అత్తయ్య పద్మావతమ్మ లోపలి నుంచి పరుగున వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అత్తయ్య పోయి నాలుగేళ్లయింది. ఆ చేతి పసుపు వాసన ఇప్పటికీ నాకు గుర్తే.

అది కొట్టుతో ఆగిపోతే నాకు ఏ గొడవా ఉండేది కాదు. మెట్లెక్కి ఇంట్లోకి కూడా వచ్చింది. ఎవరు పెళ్లికి పిలిచినా తప్పకుండా వస్తామంటారు, పోరు. ఎవరు ఏ సాయం అడిగినా మా ఆయన ఆనందకుమార్ "చూద్దాంలే" అంటాడు. ఆ మాట అన్నాక ఇక ఆ పని జరగదని మా వీధిలో అందరికీ తెలుసు. వినేవాళ్లు కూడా నవ్వుకుని పోతారు, ఎవరి మనసూ నొచ్చుకోదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. పన్నెండేళ్లలో నేనూ నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానో నాకే తెలియలేదు.

మా అమ్మాయి శ్రీదివ్య నాలుగో తరగతి. బెంచీలో దాని పక్కన కూర్చునే పిల్ల గోపిక. అనంతసాగరంలో ఉంటారు. అమ్మా నాన్నా చెన్నైలో బిల్డింగు పనికి పోయారు, పిల్లను అవ్వ మాలకొండమ్మ సాకుతోంది. ఆమె రోజూ పొద్దున్నే ఆకుకూరల గంపతో షేరాటోలో ఆత్మకూరు వస్తుంది, మనవరాలిని బడి దగ్గర దింపి బజారులో కూర్చుంటుంది. గోంగూర నేను ఆమె దగ్గరే తీసుకుంటాను. ఆ పిల్ల చదువులో చురుకు. చెన్నై నుంచి వచ్చే డబ్బులు ఒక నెల వస్తే ఒక నెల రావు. అందుకని బడిలో టీచరమ్మ ఆ పిల్లతో గురుకులం ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించింది. సీటు వస్తే హాస్టలు, భోజనం, చదువు అన్నీ అక్కడే. మాలకొండమ్మ నాకు గోంగూర కట్టలు ఇస్తూ, తాను మంచాన పడినా పిల్ల ఆకలితో ఉండదనే ధైర్యం ఒక్కటి చాలని చెప్పింది. పరీక్ష ఏప్రిల్లో ఒక ఆదివారం, పదకొండు గంటలకు. సెంటరు ఉదయగిరిలో పడింది.

అదే ఆదివారం మేము మా అమ్మను చూడటానికి కారులో ఉదయగిరి పోవాలనుకున్నాం. గోపిక ఆ సంగతి విని, మీ కారులో చోటు ఉందా అని శ్రీదివ్యను అడిగింది. మా ఇంటి బిడ్డ కదా, దానికి ఏ జవాబు వస్తుంది? ఉండాది రా అంది. ఏడు గంటలకల్లా ఆత్మకూరులో ఉదయగిరి రోడ్డు మలుపు దగ్గర నిలబడండి, దార్లో ఎక్కించుకుంటాం అని కూడా చెప్పింది.

శనివారం సాయంత్రం మా ఆయన ప్రయాణం పై వారానికి మార్చాడు. మరుసటి రోజు పొద్దున గోడౌనుకు లోడు వస్తుందట. ఆ రాత్రి అన్నాల దగ్గర ఏం మాట్లాడుకున్నామో నాకు సరిగ్గా గుర్తులేదు. గుర్తులేకపోవడమే నా తప్పని మర్నాడు తెలిసింది.

ఆదివారం పొద్దున శ్రీదివ్య హిందీ క్లాసుకు పోయింది. మా ఆయన గోడౌనుకు పోయాడు. నేను పైన తలకు పోసుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. పది దాటాక శ్రీదివ్య పుస్తకాల సంచి మెట్ల మీదే పడేసి పైకి పరుగెత్తుకొచ్చింది. మొహంలో రక్తం లేదు.

"అమ్మా, గోపికా వాళ్ల అవ్వా కొట్లో కూచోనుండారు. పరీక్షకి పోలా."

కిందికి దిగి చూద్దును గదా, మాలకొండమ్మ కందిపప్పు బస్తా మీద కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది, బజారులో ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు. పక్కన గోపిక రెండు జడలు బిగించి, హాల్ టికెట్టు, రెండు పెన్నులు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒళ్లో పట్టుకుంది. మామయ్య ఆ పిల్ల చేతికి బిస్కెట్ ప్యాకెట్టు ఇచ్చినట్టున్నాడు, అది విప్పకుండా పక్కనే ఉంది.

అడిగితే మాలకొండమ్మ ఒక్కొక్కటే చెప్పింది. ఏడింటికే మలుపు దగ్గర నిలబడ్డారు. ఏడున్నరకు ఉదయగిరి బస్సు వచ్చింది. కారు వస్తుంది కదా అని ఎక్కలేదు. కండక్టరు ఎక్కమని కేకేశాడు కూడా. ఎనిమిదిన్నర దాకా చూసి, నడుచుకుంటూ కొట్టుకు వచ్చి, ఉదయగిరి పోయే కారు బయల్దేరిందా అని మామయ్యను అడిగారు. మామయ్యకు ఆ కారు సంగతీ తెలియదు, పరీక్ష సంగతీ తెలియదు. తెలియదని ఆయన అంటే మా కొట్టు పేరు ఏం కాను? "వస్తుందిలే, కూచోండి" అన్నాడు. తొమ్మిది గంటల బస్సు మా కొట్టు ముందు నుంచే హారను కొట్టుకుంటూ పోయింది. శెట్టి కూర్చోమన్నాడు కదా అని వాళ్లు కూర్చునే ఉన్నారు.

మామయ్య గల్లా మీద చేతులు పెట్టి నా మొహం చూస్తున్నాడు. ఏదో జరిగిందని తెలుస్తోంది, ఏం జరిగిందో తెలియడం లేదు. ఆ క్షణంలో నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ కోప్పడటానికి టైము లేదు. మా ఆయనకు ఫోను చేశాను. లోడు వదిలేసి పదంటే పది నిమిషాల్లో వచ్చాడు. మామయ్యను కొట్లో వదిలి మిగతా అందరం కారెక్కాం.

కారు ఊరు దాటాక నేను ఆగలేకపోయాను. వెనక సీట్లో నా పక్కనే కూర్చున్న శ్రీదివ్య జబ్బ పట్టుకుని, ఇంట్లో ఎవరినీ అడగకుండా ఎందుకు మాటిచ్చావు, ఇన్ని అబద్ధాలు ఎక్కడ నేర్చుకున్నావు అని అరిచాను. చెంప మీద ఒకటి వేశాను కూడా. పరాయివాళ్ల ముందు బిడ్డను కొట్టడం అదే మొదటిసారి.

"నేను అబద్ధం చెప్పలా," అంది శ్రీదివ్య ఏడుస్తూ. "పోవడం లేదని నాన్న చెప్పినప్పుడు గోపిక సంగతి చెప్పినా. చూద్దాంలే, ఏదో ఒకటి చేద్దాం అన్నాడు. నీకు కూడా చెప్పినా. నువ్వు ఊ అన్నావు. నాన్న పొద్దున కారు పంపించుంటాడు అనుకున్నా."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. అన్నం గిన్నె తీస్తుంటే అది నా కొంగు పట్టుకుని గోపిక గోపిక అని ఏదో చెప్పింది. నేను ఫోనులో మా చెల్లెలితో మాట్లాడుతూ ఊ, అట్నేలే అన్నాను. పిల్ల మాటే నేను వినలేదు. బిడ్డ చెంప మీద నా నాలుగు వేళ్లూ ఎర్రగా తేలి ఉన్నాయి. ఆ దెబ్బ నిజానికి ఎవరికి పడాలో నాకు అప్పుడు తెలిసింది, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా ఆయన అద్దంలో ఒకసారి చూసి కళ్లు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

గోపిక కిటికీ వైపు తిరిగి పదిహేడో ఎక్కం నోట్లోనే చదువుకుంటోంది. ఎక్కడో తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. దుత్తలూరు దాటి ఉదయగిరి కొండ కనపడేదాకా ఆ పిల్ల ఆపలేదు.

మేము చేరేసరికి పదకొండూ ఇరవై అయింది. గేటు మూసేశారు. మా ఆయన గేటు ఊపాడు, బతిమాలాడు. లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, ప్రశ్నపత్రాలు ఇచ్చేశాక ఎవరినీ రానివ్వకూడదన్నాడు. ఆయన తప్పేమీ లేదు. పిల్లను చూసి ఆయనా బాధపడ్డాడు. ఐదో తరగతికి ఈ పరీక్ష ఒక్కసారే అని, పై తరగతుల్లో ఎక్కడైనా ఖాళీలు పడితే తప్ప మళ్లీ అవకాశం రాదని చెప్పాడు. లేదని చెప్పినా ఆ మనిషి మమ్మల్ని అవమానించినట్టు నాకు అనిపించలేదు.

మా అమ్మ ఇంటికి పోయి అన్నం తిని పోదామంటే మాలకొండమ్మ ఒప్పుకోలేదు. గోపికకు ఆకలిగా లేదట. తిరిగి అనంతసాగరం పోయి వాళ్ల ఇంటి ముందు దింపాం. దిగేటప్పుడు ఆమె మాకు దండం పెట్టింది, కారులో తీసుకుపోయినందుకు. ఆ దండం చూసి మా ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెడ్డ మనిషి కాదు. మనసు కరిగి ఒక మాట అన్నాడు.

"బాధపడబాకవ్వా. వచ్చే ఏడాది చూద్దాంలే."

వచ్చే ఏడాది పరీక్ష ఉండదని గంట కిందటే చెవులారా విన్న మనిషి. మాలకొండమ్మ తలూపింది. నేను ఇల్లు చేరేదాకా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక బిగబట్టుకోలేదు. కొట్టు తలుపులు వేయించి, మామయ్యనూ మా ఆయన్నూ పైకి పిలిచి కూర్చోబెట్టాను. మీ కొట్లో లేదు అనకూడదని మన పిల్ల నోటికి కూడా చెయ్యి అడ్డం పెట్టారు, ఈ రోజు ఒక బిడ్డ బతుకు మీదికి తెచ్చారు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నవన్నీ ఇక్కడ రాయలేను.

మా ఆయనకు కూడా ఉక్రోషం వచ్చింది. మీ నాన్న లేదు లేదు అనుకుంటూనే కొట్టు మూసుకున్నాడు గదా అన్నాడు. ఆ మాట ఆయన సరదాగా వంద సార్లు అని ఉంటాడు, నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు మాత్రం కత్తి దిగినట్టయింది. మా నాన్న కొట్టు మూసుకున్నాడు కానీ ఆయన మాట నమ్మి ఎవరూ బస్సు వదులుకోలేదన్నాను.

మామయ్య తన వైపు సంగతి చెప్పాడు. వాళ్ల నాన్న కాలంలో కరువు వచ్చినప్పుడు సంచి పట్టుకుని వచ్చినవాళ్లకు ఇవ్వడానికి కొట్లో ఏమీ ఉండేది కాదట. లేదంటే వాళ్లు తల వంచుకుని పోయేవాళ్లు. రేపు రమ్మంటే కాస్త ఆశతో పోయేవాళ్లు. ఎలాగో తెప్పించి మర్నాడు ఏదో ఒకటి వాళ్ల సంచిలో పోసేవాడట ఆయన. ఎదుటి మనిషిని చిన్నబుచ్చకూడదని పెట్టుకున్న అలవాటు అమ్మా ఇది, మోసం చేయాలని కాదు అన్నాడు. అది విన్నాక నా కోపం సగం దిగిపోయింది. వాళ్ల నాన్న రేపు రమ్మని, రేపు నిజంగా ఇచ్చాడు. మేము ఆ మాటను మాత్రమే ఉంచుకున్నాం. ఈ సంగతి నేను అనకముందే మామయ్యకే తట్టింది. నోటి దాకా వచ్చిన మాట మింగేసి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

శ్రీదివ్య నిద్రపోయిందనుకున్నాం. గది గుమ్మంలో నిలబడి ఉంది.

"గోపిక అడిగినప్పుడు నేను ఏమని చెప్పుండాల తాతా?"

ముగ్గురం పెద్దవాళ్లం. ఆ పిల్ల చోట మేమెవరం ఉన్నా అదే చెప్పి ఉండేవాళ్లం. నేను కూడా. దాన్ని కొట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాకు ఆ ప్రశ్న అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఈ పిల్ల ఇలాగే పెరిగితే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టింది. అందరి చేతా మంచిదనిపించుకుంటుంది, ఎవరూ దాని మాట నమ్మరు. ఇంకో పదేళ్లకు దాని "చూద్దాంలే" విని కూడా జనం నవ్వుకుని పోతారు.

"అమ్మానాన్నని అడిగి చెబుతా అని చెప్పుండాల," అన్నాడు చివరికి మా ఆయన. "అడిగినప్పుడు నేను కుదరదని చెప్పుండాల. నేను చెప్పలా. తప్పు నాది తల్లీ."

తప్పు అనే మాట ఆ మనిషి నోటి నుంచి వినడం నాకు కొత్త. నాది కూడా అని చెప్పాను. దాని చెంప మీద చెయ్యి వేస్తే మొదట వెనక్కి జరిగింది, తర్వాత జరగలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో చేసేది చేస్తామనీ, చేయలేనిది చేయలేమనీ చెప్పుకోవాలనుకున్నాం, పిల్లకైనా, బయటివాళ్లకైనా. కొట్టు సంగతి మాత్రం తనకు వదిలేయమన్నాడు మామయ్య, డెబ్బై ఏళ్ల నోరు ఒక్క పూటలో తిరగదన్నాడు. సరేనన్నాను. ఆ మాటైనా ఉన్నదున్నట్టు చెప్పాడు గదా అనిపించింది.

మర్నాడు సాయంత్రం అందరం కలిసి అనంతసాగరం పోయాం. తానూ వస్తానని మామయ్యే అన్నాడు. ఆ రోజు గోపిక బడికి రాలేదట, మాలకొండమ్మ బజారుకూ రాలేదు. ఇల్లు ఒక్క గది. ముందు రేకుల పంచ, పంచ పక్కనే తోటకూర మడి. సోమశిల డ్యాం కట్టినప్పుడు ఊరు మునిగితే మాలకొండమ్మ వాళ్ల నాయన వచ్చి ఇక్కడ పడ్డాడట. మాలకొండమ్మ మంచం వాల్చి మామయ్యను కూర్చోమంది, గ్లాసులో నీళ్లు ఇచ్చింది. మేము ఎందుకు వచ్చామో చెప్పేలోగానే ఆమె అడగవలసింది అడిగింది.

"శెట్టిగారూ, మీకు పెద్దోళ్లు నలుగురు తెలుసు. ఎవురితోనన్నా చెప్పి మా పిల్లకి ఆ సీటు ఇప్పియ్యలేరా? మీరు ఒక మాట చెప్తే నాకు ధైర్నంగా ఉంటాది."

మా ఆయన నా వైపు చూశాడు. నేను మామయ్య వైపు చూశాను. ఆమె అడిగినదానికి ఊ అంటే ఆ ముసలామె ఆ రాత్రి హాయిగా నిద్రపోతుంది. తర్వాత ఎన్ని రాత్రులు ఎదురుచూస్తుందో మాకు తెలుసు. మామయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన పక్కన నిలబడిన శ్రీదివ్య ఆయన మొహంలోకే చూస్తోంది.

"నా వల్ల కాదు మాలకొండమ్మా," అన్నాడు. "నాకు అట్టాంటోళ్లు ఎవురూ తెలవదు. తెలిసినా ఆ పని నేను చేయలేను. నిన్న కారు సంగతి కూడా నాకు తెలవదు. తెలవకుండానే కూచోమని చెప్పినా. నా తప్పే."

మాలకొండమ్మకు కోపం వస్తే బాగుండునని నాకు అనిపించింది, తిడితే మాకు తేలిగ్గా ఉండేది.

"ఈ మాట నిన్న చెప్పుంటే తొమ్మిది బస్సెక్కేవాళ్లం సామీ," అంది. అంతే అంది. కింద పెట్టిన గ్లాసు తీసుకుంటూ, "పోన్లే. ఇంక ఎదురు చూసేదానికి ఏం లేదని తెలిసింది. రేపట్నించి బడికి పంపిస్తా," అంది.

గోపిక తోటకూర మడి దగ్గర కూర్చుని గడ్డి పీకుతోంది. శ్రీదివ్య దాని దగ్గరికి పోయింది. ఏం చెప్పాలో మేము నేర్పలేదు. పంచలోకి వాళ్ల మాటలు వినపడుతున్నాయి. కారు వస్తుందో రాదో తెలియకుండానే ఉండాదని చెప్పానని, తప్పు తనదేనని చెప్పింది మా పిల్ల. గోపిక పీకుతున్న గడ్డి పీకుతూనే ఉంది. రేపు బడికి వస్తే తన పక్కనే కూర్చుంటావా అని శ్రీదివ్య అడిగింది.

"కూచోను," అంది గోపిక.

అరవలేదు, ఏడవలేదు. తనకు ఏమనిపించిందో అదే చెప్పింది. శ్రీదివ్య ఇంకొంచెం సేపు అక్కడే నిలబడి, తిరిగి వచ్చి కారులో కూర్చుంది. మేము సెలవు తీసుకుని బయల్దేరాం.

పొలాల మధ్య రోడ్డు ఎక్కాక శ్రీదివ్య నా వైపు తిరిగింది.

"ఎల్లుండన్నా కూచుంటుందా అమ్మా?"

కూర్చుంటుందిలే అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. చిన్నపిల్లలు, నాలుగు రోజుల్లో మర్చిపోతారు. ఆ ఒక్క మాట అంటే నా బిడ్డ నా ఒళ్లో తల పెట్టుకుని ఊరు వచ్చేదాకా నిద్రపోతుంది. ముందు సీట్లో మామయ్య తల కొంచెం వెనక్కి తిప్పాడు. మా ఆయన అద్దంలో నన్నే చూస్తున్నాడు. నిన్న అంత గొంతు చేసుకుని అందరికీ చెప్పినదాన్ని నేను. ఆ మాట మింగడం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది.

"నాకు తెలవదు తల్లీ," అన్నాను.

అది ఏడ్చింది. ఆత్మకూరు వచ్చేదాకా ఏడ్చింది. నేను ఏడవద్దనలేదు, దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.